ఫొటోలో వంగిన గీతలను సరిచేసి క్రాప్ చేయడం ఎలా

సముద్రం ఫొటోలో నీటి అంచు విల్లులా వంగి ఉందా? గది ఫొటోలో తలుపు చట్రం పొట్ట ఉబ్బినట్టు కనిపిస్తోందా? అది లెన్స్ తెచ్చిన వంపు. కింద నుంచి తీసిన భవనం పైకి పోయేకొద్దీ సన్నబడి వెనక్కి పడిపోతున్నట్టు ఉంటే మాత్రం లెన్స్‌ను తప్పు పట్టకండి. కెమెరాను పైకి ఎత్తి పట్టడం వల్ల వచ్చిన వాలు అది, ఎంత మంచి లెన్స్‌తో తీసినా వస్తుంది. ఈ రెండింటికీ మందులు వేరు. వాలును సరిచేద్దామని, లెన్స్ వంపు కోసం ఉన్న డిస్టార్షన్ స్లైడర్‌ను ఎంత లాగినా గీతలు నిటారుగా నిలబడవు సరికదా, అప్పటిదాకా తిన్నగా ఉన్నవి కూడా వంకర తిరుగుతాయి.

అందుకే వరుస ఇలా పెట్టుకోండి: మొదట లెన్స్ వంపు, తర్వాత వాలు, చిట్టచివర క్రాప్. ఈ వరుస మారితే చేసిన పనే మళ్లీ చేయాల్సి వస్తుంది.

వంపు ఏ రకమో ముందు తేల్చుకోండి

ఫొటో మొత్తం కనిపించేలా తెరవండి. అసలు వస్తువులో కచ్చితంగా తిన్నగా ఉండే గీత ఒకటి, ఫొటో అంచుకు దగ్గరగా ఉన్నది, వెతకండి. గోడ అంచు, కిటికీ చట్రం, టైల్స్ మధ్య సందు, పుస్తకాల అర, ఏదైనా సరే. సాఫ్ట్‌వేర్‌లో గ్రిడ్ ఉంటే ఆన్ చేయండి. అడోబీ ఫొటో సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ క్లాసిక్‌లో వ్యూ మెనూలోని లూప్ ఓవర్‌లే కింద గ్రిడ్ ఉంటుంది. ఇప్పుడు ఆ గీత రెండు చివరలనూ, మధ్య భాగాన్నీ గ్రిడ్ గీతతో పోల్చండి. మధ్యలో పక్కకు జరిగి ఉంటే లెన్స్ వంపు. తిన్నగానే ఉండి ఒక పక్కకు ఒరిగి ఉంటే వాలు. ఫొటో నడిబొడ్డు గుండా పోయే గీతను చూసి మాత్రం తీర్పు చెప్పకండి. లెన్స్ ఎంత వంచినా కేంద్రం మీదుగా వెళ్లే గీత తిన్నగానే ఉంటుంది. సముద్రపు అంచును ఫ్రేమ్ మధ్యలో పెట్టి తీసిన ఫొటోలో వంపు దాక్కుని, అదే లెన్స్‌తో అంచును పైభాగంలో పెట్టి తీస్తే బయటపడేది ఇందువల్లే.

లెన్స్ వంపుల్లో ముఖ్యమైనవి మూడు. గీతలు బయటికి ఉబ్బితే బ్యారెల్, అంటే పీపా ఆకారం. జూమ్ లెన్స్‌ల వైడ్ చివర, అంటే ఎక్కువ దృశ్యం పట్టే చోట, ఎక్కువగా ఇదే. గీతలు మధ్యలో లోపలికి నొక్కుకుపోతే పిన్‌కుషన్. టెలి చివర, అంటే దూరాన్ని దగ్గరికి లాగే చోట, ఇది మామూలు. మూడోది మీసం వంపు: గీత మధ్యలో ఒకవైపు వంగి, చివర్లలో ఎదురు తిరుగుతుంది. ఒక్క స్లైడర్‌తో దీన్ని తీయలేరు. మధ్యభాగం తిన్నగా చేస్తే చివరలు వంకర పోతాయి, చివరలు సర్దితే మధ్య ఉబ్బుతుంది. దీన్ని పూర్తిగా తీయాలంటే ప్రొఫైల్ కావాలి, అంటే ఆ లెన్స్ ఎక్కడ ఎంత వంచుతుందో ముందే కొలిచి పెట్టిన లెక్కల ఫైల్.

రా ఫైలా, జేపీజీనా?

ఇది చూడకుండా ఏ బటనూ నొక్కకండి. రా అంటే సెన్సర్ పట్టినదాన్ని కెమెరా మార్చకుండా దాచిన ఫైల్, జేపీజీ అంటే కెమెరా సిద్ధం చేసి ఇచ్చిన ఫొటో. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాలు, ఫోన్లు చాలావరకు జేపీజీ తయారుచేసేటప్పుడే లెన్స్ వంపును సరిచేసి ఇస్తాయి. అలాంటి జేపీజీకి సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ ప్రొఫైల్ పెడితే సవరణ రెండుసార్లు పడుతుంది. ఫలితం, పీపా ఆకారం పోయి పిన్‌కుషన్ వస్తుంది. లైట్‌రూమ్‌లో జేపీజీ తెరిస్తే ప్రొఫైళ్ల జాబితా చాలా చిన్నదిగా కనిపించడం లోపం కాదు. ఎక్కువ ప్రొఫైళ్లు రా ఫైళ్ల కోసమే తయారయ్యాయి.

రా ఫైళ్లలోనూ ఒక మెలిక ఉంది. కొన్ని కెమెరాలు సవరణ లెక్కలను రా ఫైల్లోనే రాసిపెడతాయి. ఇలాంటి లెక్కలు దాచుకునే వీలు అడోబీ రా ఫార్మాట్ అయిన డీఎన్‌జీకి 2009లో వచ్చిన 1.3 వెర్షన్‌తో కలిగింది. లైట్‌రూమ్ వీటిని తనంతట తానే అమలుచేసి, లెన్స్ కరెక్షన్స్ ప్యానెల్ అడుగున ‘బిల్ట్-ఇన్ లెన్స్ ప్రొఫైల్ అప్లైడ్’ అని చూపిస్తుంది. ఆ మాట కనిపిస్తే వంపు సంగతి అక్కడితో అయిపోయినట్టే.

ఇంకొక జాగ్రత్త. ఎవరో ఒకవైపు క్రాప్ చేసి పంపిన జేపీజీకి ప్రొఫైల్ పని చేయదు. ప్రొఫైల్ లెక్క మొత్తం ఫొటో కేంద్రమే లెన్స్ కేంద్రం అనే నమ్మకం మీద నడుస్తుంది. ఎడమవైపు వెయ్యి పిక్సెళ్లు కోసేస్తే ఆ కేంద్రం ఐదు వందల పిక్సెళ్లు పక్కకు జరిగిపోయినట్టు. అప్పుడు ఒక అంచు సరిపడి రెండో అంచు వంకరగా మిగులుతుంది. దొరికితే అసలు ఫైలే అడగండి.

ప్రొఫైల్‌తో సరిచేయడం

లైట్‌రూమ్ క్లాసిక్‌లో డెవలప్ మాడ్యూల్‌కి వెళ్లి లెన్స్ కరెక్షన్స్ ప్యానెల్‌లో ప్రొఫైల్ ట్యాబ్ తెరవండి. ‘ఎనేబుల్ ప్రొఫైల్ కరెక్షన్స్’ టిక్ చేయండి. ఫొటో ఒక్కసారి చిన్నగా కదిలి, మూలలు వెలుగుతాయి. కింద మేక్, మోడల్, ప్రొఫైల్ అనే మూడు పెట్టెల్లో మీ లెన్స్ పేరు వచ్చిందో లేదో చదవండి. ఇది దాటవేయకండి. ఒకే కంపెనీ ఒకే ఫోకల్ లెంగ్త్‌లో (లెన్స్ ఎంత దగ్గరికి లాగి చూపిస్తుందో చెప్పే మి.మీ. అంకె) పాత, కొత్త మోడళ్లు అమ్ముతుంది, వాటి వంపులు ఒకటి కావు. పెట్టెలు ఖాళీగా ఉంటే ఆ లెన్స్‌కు ప్రొఫైల్ లేదనో, లెన్స్ తన పేరు కెమెరాకు చెప్పలేదనో అర్థం. అడాప్టర్‌తో తగిలించిన పాత మాన్యువల్ లెన్స్‌లతో ఇది ఎప్పుడూ జరిగేదే, వాటికి కెమెరాతో మాట్లాడే విద్యుత్ కాంటాక్టులు ఉండవు. అప్పుడు కంపెనీ, మోడల్ మీరే ఎంచుకోవాలి.

ఆ కింద డిస్టార్షన్ (వంపు), విగ్నెటింగ్ (మూలల చీకటి) అనే రెండు స్లైడర్లు 0 నుంచి 200 వరకు నడుస్తాయి. 100 అంటే ప్రొఫైల్ చెప్పినంత. మళ్లీ గ్రిడ్‌తో పోల్చండి. కాస్త ఉబ్బు మిగిలితే 110 లేదా 115 దాకా జరపండి. ప్రొఫైల్ ఉన్నా కొసరు మిగలడానికి కారణం ఉంది: లెన్స్ ఎంత దూరాన ఫోకస్ అయిందన్న దాన్నిబట్టి వంపు మారుతుంది. దగ్గరి వస్తువు మీద, ముఖ్యంగా పత్రాలో చిత్రాలో కాపీ తీసేటప్పుడు, ఈ తేడా కంటికి తగులుతుంది.

ఫొటోషాప్‌లో అయితే ముందు లేయర్‌ను స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చుకోండి, తర్వాత ఎప్పుడైనా వెనక్కి వచ్చి విలువలు మార్చుకోవచ్చు. ఫిల్టర్ మెనూలో లెన్స్ కరెక్షన్, అందులో ఆటో కరెక్షన్ ట్యాబ్. జియోమెట్రిక్ డిస్టార్షన్ టిక్ చేసి, ఆటో స్కేల్ ఇమేజ్‌ను తీసేసి చూడండి. తీసేస్తే అంచుల్లో ఎంత ఖాళీ పడుతోందో దాచకుండా కనిపిస్తుంది. క్రాప్ ఎక్కడ వేయాలో అప్పుడు మీరే నిర్ణయించవచ్చు.

ఉచిత సాఫ్ట్‌వేర్ డార్క్‌టేబుల్‌లో లెన్స్ కరెక్షన్ మాడ్యూల్ ఉచిత లెన్స్‌ఫన్ డేటాబేస్ మీద ఆధారపడుతుంది. మీ లెన్స్ కొత్తదై జాబితాలో లేకపోతే డేటాబేస్ పాతదై ఉండొచ్చు. దాన్ని తాజా చేసే కమాండ్ లెన్స్‌ఫన్‌తోనే వస్తుంది. మరో ఉచిత సాఫ్ట్‌వేర్ రా థెరపీలో ట్రాన్స్‌ఫార్మ్ ట్యాబ్‌లో ప్రొఫైల్డ్ లెన్స్ కరెక్షన్ ఉంటుంది. అడోబీ ప్రొఫైల్ ఫైల్ మీ దగ్గర ఉంటే అదీ ఇక్కడ పెట్టుకోవచ్చు.

ప్రొఫైల్ లేనప్పుడు చేత్తో

లైట్‌రూమ్‌లో మాన్యువల్ ట్యాబ్ తెరిచి డిస్టార్షన్ అమౌంట్ జరపండి. కుడివైపు లాగితే బ్యారెల్ తగ్గుతుంది, ఎడమవైపు లాగితే పిన్‌కుషన్ తగ్గుతుంది. లాగేటప్పుడు గ్రిడ్ దానంతటదే పైకి వస్తుంది. అంచుకు దగ్గరున్న ఒక్క గీత మీదే చూపు నిలపండి. ముందు కాస్త ఎక్కువ లాగి, గీత అవతలివైపు వంగడం చూసి, అక్కడి నుంచి వెనక్కి రండి. ఇటు వంపు ఎక్కడ మొదలైందో, అటు వంపు ఎక్కడ మొదలైందో తెలిస్తే సరైన విలువ ఆ రెండింటి మధ్యే ఉంటుంది. సున్నా నుంచి మెల్లగా పాకుతూ వెళితే కన్ను వంపుకు అలవాటుపడి ముందే ఆగిపోతుంది.

ఉచిత సాఫ్ట్‌వేర్ గింప్‌లో ఫిల్టర్స్ మెనూ, డిస్టార్ట్స్ కింద లెన్స్ డిస్టార్షన్ ఉంది. బ్యారెల్‌ను తీయాలంటే మెయిన్ స్లైడర్‌ను మైనస్ వైపు జరపాలి. ఎడ్జ్ స్లైడర్ మూలల మీద ఎక్కువ పనిచేస్తుంది. మీసం వంపుకు ప్రొఫైల్ దొరకని పక్షంలో మెయిన్‌ను ఒకవైపు, ఎడ్జ్‌ను ఎదురువైపు పెట్టి చాలావరకు లొంగదీయవచ్చు. పైన చెప్పిన పక్కకు క్రాప్ అయిన జేపీజీకీ ఇక్కడ మార్గం ఉంది: షిఫ్ట్ ఎక్స్, షిఫ్ట్ వై స్లైడర్లు కేంద్రాన్ని జరుపుతాయి.

ఒకే లెన్స్‌ను తరచూ వాడేవారు ఒక పని చేసి పెట్టుకుంటే చాలా శ్రమ తగ్గుతుంది. ఇటుకల గోడకో టైల్స్ గోడకో ఎదురుగా ట్రైపాడ్ మీద కెమెరాను గోడకు సమాంతరంగా నిలిపి, జూమ్ లెన్స్ అయితే నాలుగైదు ఫోకల్ లెంగ్త్‌లలో ఒక్కో ఫొటో తీయండి. ఒక్కోదానికి సరిపడిన విలువ కనుక్కుని ప్రీసెట్‌గా దాచుకోండి. కెమెరా సమాంతరంగా లేకపోతే వాలు కూడా కలిసిపోయి విలువ తప్పుతుంది.

మూలల చీకటి, రంగు అంచులు

ఇవి త్వరగా అయిపోయే పనులు. ప్రొఫైల్ పెట్టగానే మూలల చీకటి పోతుంది, కానీ అది మూలలను ఎక్స్‌పోజర్ పెంచి వెలిగించడమే. లెన్స్ మూలల్లో 2 స్టాప్‌ల వెలుతురు తగ్గిస్తే (ఒక్కో స్టాప్‌కు వెలుతురు సగమవుతుంది), సాఫ్ట్‌వేర్ అక్కడ నాలుగు రెట్లు పెంచాలి, దాంతో నాయిస్, అంటే చుక్కచుక్కల గరుకుదనం, కూడా లేస్తుంది. తక్కువ వెలుతురులో ఐఎస్‌ఓ (వెలుతురుకు స్పందించే స్థాయి) 6400 దాటించి తీసిన ఫొటోల్లో విగ్నెటింగ్ స్లైడర్‌ను 50 దగ్గరికి దించితే మేలు. అంచుల్లో ఒకవైపు ఎరుపు, మరోవైపు పచ్చ లేదా నీలం గీత కనిపిస్తే ‘రిమూవ్ క్రోమాటిక్ అబరేషన్’ టిక్ చాలు. ఫ్రేమ్ మధ్యలో కూడా ఆకుల చుట్టూ ఊదా రంగు అంటుకుంటే దానికి ఆ టిక్ పనిచేయదు, మాన్యువల్ ట్యాబ్‌లోని డీఫ్రింజ్ కావాలి.

అంచుల్లో మనుషులుంటే ఆగండి

వైడ్ లెన్స్‌తో తీసిన గ్రూప్ ఫొటోలో చివరి వ్యక్తి ముఖం అడ్డంగా సాగి, భుజం వెడల్పై కనిపిస్తుంది. ఇది వంపు కాదు. గీతలను తిన్నగా ఉంచే ప్రతి వైడ్ లెన్స్ అంచుల్లోని గుండ్రని వస్తువులను సాగదీస్తుంది. కాబట్టి బ్యారెల్‌ను సరిచేసేకొద్దీ చివరి మనిషి ఇంకా లావవుతాడు. ఇలాంటి ఫొటోలో డిస్టార్షన్ స్లైడర్‌ను 100 నుంచి 50కో, అవసరమైతే సున్నాకో దించండి. వెనుక గోడ కాస్త వంగినా చూసేవారు పట్టించుకోరు, ముఖం సాగితే వెంటనే పట్టుకుంటారు. ఫిష్ఐ లెన్స్ విషయంలో ఇది మరీ ఎక్కువ: పూర్తిగా తిన్నగా చేస్తే మూలలు రబ్బరులా సాగి వివరాలు కరిగిపోతాయి.

వాలిన భవనాన్ని నిలబెట్టడం

లెన్స్ వంపు పోయాకే ఈ పని. గీతలు ఎటు వాలాయో సాఫ్ట్‌వేర్ కొలవాలంటే అవి ముందు తిన్నగా ఉండాలి. లైట్‌రూమ్‌లో ట్రాన్స్‌ఫార్మ్ ప్యానెల్ తెరవండి. ఆటో బటన్ చాలా ఫొటోలకు సరిపోతుంది. సరిపోకపోతే గైడెడ్ ఎంచుకుని, నిజంలో నిటారుగా ఉండే గీత ఒకటి ఎడమ అంచు దగ్గర, ఒకటి కుడి అంచు దగ్గర గీయండి. గైడ్‌లు కనీసం రెండు, గరిష్ఠంగా నాలుగు. వీలైనంత పొడవుగా గీయండి. పొట్టి గీతలో ఒక పిక్సెల్ తేడా వచ్చినా కోణం చాలా మారిపోతుంది.

ఆటో, గైడెడ్ లాంటి ఈ అప్‌రైట్ బటన్లలో ఏది నొక్కినా అప్పటిదాకా వేసిన క్రాప్ చెరిగిపోతుంది. ఆల్ట్ కీ పట్టుకుని నొక్కితే నిలుస్తుంది. వాలు సరిచేసిన తర్వాత లెన్స్ ప్రొఫైల్ మారిస్తే ట్రాన్స్‌ఫార్మ్ ప్యానెల్‌లో అప్‌డేట్ నొక్కి లెక్క మళ్లీ వేయించాలి. మొదట్లో చెప్పిన వరుస పాటిస్తే ఈ రెండు తలనొప్పులూ ఉండవు.

ఇక్కడ ఎంత కోల్పోతారో ఒక ఉదాహరణ చూడండి. భవనం అడుగున 3000 పిక్సెళ్ల వెడల్పు, పైన 2000 ఉందనుకోండి. నిటారుగా నిలబెట్టాలంటే పైభాగాన్ని ఒకటిన్నర రెట్లు సాగదీయాలి, లేదా కింది భాగాన్ని కుదించాలి. సాగదీస్తే పైన ఎడమ, కుడి పక్కల ఉన్న ఆకాశం ఫ్రేమ్ బయటికి పోతుంది, పై అంతస్తుల వివరాలు మెత్తబడతాయి. కుదిస్తే కింది మూలల్లో ఖాళీ త్రికోణాలు పడతాయి. ఎలాగైనా అంచులు పోవడం ఖాయం. అందుకే భవనాలు తీసేటప్పుడే చుట్టూ వదులుగా చోటు పెట్టండి.

పూర్తిగా నిలబెట్టడం అన్నివేళలా అందం కాదు. చాలా పైకి చూస్తూ తీసిన గోపురాన్ని నూటికి నూరు శాతం నిటారు చేస్తే తల బరువెక్కి మీద పడుతున్నట్టు ఉంటుంది, పైకి వాలడమే కంటికి అలవాటు కనుక. వర్టికల్ స్లైడర్‌ను కాస్త వెనక్కి తెచ్చి, నాలుగింట మూడు వంతుల దగ్గర ఆపండి. భవనం పొట్టిగానో సాగినట్టుగానో కనిపిస్తే యాస్పెక్ట్ స్లైడర్ అందుకే ఉంది.

ఇక క్రాప్

లైట్‌రూమ్‌లో ఆర్ కీ నొక్కండి. మొదట సమతలం, తర్వాత నిష్పత్తి. కంట్రోల్ కీ పట్టుకుని సముద్రపు అంచు లాంటి గీత వెంట లాగితే ఫొటో తనే తిరుగుతుంది. నిష్పత్తి ఎంచుకుని తాళం వేయండి. ఎక్స్ కీ అడ్డం, నిలువు మారుస్తుంది. ఓ కీ నొక్కుతుంటే మూడో వంతు గీతలు, కర్ణాలు ఒక్కొక్కటిగా మారతాయి.

చిన్న కోణమే అనుకుని తిప్పడంలో ఎంత పోతుందో చాలామందికి తెలియదు. 6000×4000 పిక్సెళ్ల ఫొటోను అదే నిష్పత్తి ఉంచి 1 డిగ్రీ తిప్పితే సుమారు 5 శాతం పిక్సెళ్లు పోతాయి. 2 డిగ్రీలకు దాదాపు 10 శాతం: మిగిలేది 5705×3803. 5 డిగ్రీలకు ఐదో వంతు దాటిపోతుంది. అలా 2 డిగ్రీలు తిప్పి కోశాక మిగిలిన ఫొటో నుంచి 4:5 నిలువు ముక్క తీస్తే చేతికొచ్చేది 3042×3803. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున 10×12.5 అంగుళాల ప్రింట్‌కు ఇది చాలు. ఎ4 కాగితానికి కావాల్సింది 2480×3508, దానికీ సరిపోతుంది. అదే ముక్కను 12×18 అంగుళాలకు పెంచాలంటే 3600×5400 కావాలి, అందుకోదు. కాబట్టి ప్రింట్ సైజు ముందు తెలుసుకుని ఆ తర్వాతే కోయండి.

ఫొటోషాప్ క్రాప్ టూల్‌లో రెండు ఉచ్చులున్నాయి. పై పట్టీలో ‘డిలీట్ క్రాప్డ్ పిక్సెల్స్’ టిక్ ఉంటే కోసిన భాగం పూర్తిగా పోతుంది, దాన్ని తీసేయండి. రెండోది, నిష్పత్తి బదులు వెడల్పు, ఎత్తు, రిజల్యూషన్ మూడూ నింపి ఉంటే, కోసిన ముక్క చిన్నదైనా సాఫ్ట్‌వేర్ చప్పుడు చేయకుండా దాన్ని ఆ సైజుకు పెంచేస్తుంది. ఫొటో మసకగా రావడానికి కారణం వెతికి వెతికి అలసిపోయేది ఇక్కడే. క్లియర్ బటన్ నొక్కి పెట్టెలు ఖాళీ చేశాక కోయండి.

మూలల్లో చిన్న ఖాళీ త్రికోణం మాత్రమే మిగిలితే, దానికోసం ఫొటో మొత్తాన్ని బిగించి కోయనక్కర్లేదు. ఆకాశం, ఇసుక, గడ్డి ఉన్నచోట, చుట్టుపక్కల దాన్ని చూసి ఖాళీ నింపే ఫొటోషాప్ కంటెంట్ అవేర్ ఫిల్ చక్కగా పూడుస్తుంది. ఇటుకలు, టైల్స్, కిటికీ గ్రిల్ ఉన్నచోట వాడకండి, గీతలు అతకవు. పోయినా పరవాలేదు, అక్కడ కోసేయడమే నయం.

షార్పెనింగ్‌ను, అంటే వివరాలకు పదును పెట్టడాన్ని, ఇవన్నీ అయ్యాక పెట్టుకోండి. వంపు, వాలు, తిప్పడం, ప్రతిదీ పిక్సెళ్లను కొత్త చోట్లకు జరిపి మళ్లీ లెక్కించేదే. లైట్‌రూమ్, డార్క్‌టేబుల్ లాంటివి అసలు ఫైల్‌ను ముట్టుకోవు కనుక ఎన్నిసార్లు మార్చినా నష్టం లేదు. ఫొటోషాప్, గింప్‌లలో మామూలు లేయర్ మీద ఒక్కో పని విడిగా అమలుచేస్తే ఒక్కోసారీ కాస్త మెత్తబడుతుంది. ఎక్స్‌పోర్ట్ చేశాక ఫైల్‌ను 100 శాతం జూమ్‌లో తెరిచి నాలుగు మూలలూ ఒక్కొక్కటిగా చూడండి. ఒకటి రెండు పిక్సెళ్ల సన్నని తెల్ల చీలిక చిన్న తెరపై కనిపించదు, ప్రింట్‌లో మాత్రం దాగదు. కనిపిస్తే క్రాప్‌ను ఆ వైపు పది పిక్సెళ్లు లోపలికి జరిపి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయండి.